కొండపిండి, క్వెర్సెటిన్, జెంటామైసిన్ ఎలుకలు: కిడ్నీని కాపాడింది మొక్కేనా అని తేల్చుకోవడం ఎలా?

పిండికూర (ఎం.ఫార్మ్, ఫార్మకాలజీ)

నమస్కారం అండీ. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ వల్ల కిడ్నీకి జరిగే హానిని కొండపిండి (పిండికూర) మొక్క సారం ఎంతవరకు ఆపగలదో చూసే ప్రాజెక్టు ఇది. ఎథిక్స్ కమిటీకి పంపేముందు తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

మగ విస్టార్ ఎలుకలు, 180–220 గ్రా., గ్రూపుకి 6. మొదటి గ్రూపుకి మామూలు మేత, నీళ్లు. రెండో గ్రూపుకి జెంటామైసిన్ 100 మి.గ్రా./కిలో, పొట్టలోకి ఇంజెక్షన్, 8 రోజులు. మూడో గ్రూపుకి జెంటామైసిన్‌తో పాటు నోటి ద్వారా క్వెర్సెటిన్ (మొక్కల్లో దొరికే ఒక ఫ్లేవనాయిడ్, యాంటీఆక్సిడెంట్) 50 మి.గ్రా./కిలో. నాలుగు, అయిదు గ్రూపులకి జెంటామైసిన్‌తో పాటు 70% ఇథనాల్ సారం 150, 300 మి.గ్రా./కిలో. 9వ రోజు రక్తంలో యూరియా, క్రియాటినిన్. కిడ్నీ కణజాలంలో ఎండీఏ (కొవ్వు ఆక్సీకరణ హానికి గుర్తు), కణాన్ని ఆ హాని నుంచి కాపాడే గ్లూటాథయోన్, ఎస్‌ఓడీ, కెటలేజ్. చివర్లో హిస్టోపాథాలజీ.

క్వెర్సెటిన్ నీళ్లలో కరగడం లేదు, డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించి ఇద్దామనుకుంటున్నాను. సారంలో ఫ్లేవనాయిడ్లు ఎంతున్నాయో అల్యూమినియం క్లోరైడ్ పద్ధతిలో చూపిస్తాను. ఇంకేం చేర్చాలి, ఏది తీసేయాలి?

రీనల్_కార్టెక్స్ (ఫార్మకాలజీ అధ్యాపకుడు)

ముందు ఒక మాట. కొండపిండి మీద సిస్‌ప్లాటిన్ (క్యాన్సర్ మందు), జెంటామైసిన్ రెండు మోడల్స్‌లోనూ పని 2004లోనే అచ్చయింది, 75, 150, 300 మి.గ్రా./కిలో మోతాదులతో. యూరియా, క్రియాటినిన్ తగ్గాయని అందులో ఉంది. మీరు కూడా అంతే చూపిస్తే కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఆ ఎలుకలన్నిటికీ బాధ మాత్రం మిగులుతుంది. కాబట్టి "తగ్గిందా" అని కాదు, "ఎందుకు తగ్గింది" అని అడగండి.

దానికి హాని ఎలా జరుగుతుందో పట్టుకోవాలి. జెంటామైసిన్ గ్లోమెరులస్ నుంచి వడకట్టుకుని ప్రాక్సిమల్ ట్యూబ్యూల్‌లోకి వస్తుంది. అక్కడి కణాల అంచున మెగాలిన్, క్యూబిలిన్ అనే రిసెప్టర్లు దాన్ని పట్టి లోపలికి లాగుతాయి. లోపల అది లైసోసోముల్లో పేరుకుంటుంది. ఫాస్ఫోలిపిడ్లు విరగకుండా అడ్డుపడటంతో అవి ఉల్లిపొరల్లా చుట్టుకుపోతాయి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో మైలాయిడ్ బాడీలుగా కనిపించేవి అవే. లైసోసోమ్ పగిలితే మందు సైటోప్లాజమ్‌లోకి, అక్కడి నుంచి మైటోకాండ్రియాకి చేరుతుంది. ఫ్రీ రాడికల్స్, కణం చావు ఆ తర్వాతి సంగతి.

ఈ వరుసలో మీ మొక్క ఏ మెట్టు మీద పని చేసింది? లోపలికి పోవడాన్నే ఆపిందా, పోయాక రాడికల్స్‌ను అణిచిందా? చివరి రోజు ఒక కిడ్నీలో కొంత ముక్క విడిగా దాచి జెంటామైసిన్ ఎంత పేరుకుందో కొలిపించండి. హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) లేకపోయినా, ఆసుపత్రి ల్యాబుల్లో రక్తంలో మందు స్థాయి చూసే ఇమ్యునోఅస్సే కిట్‌ను హోమోజెనేట్‌కి (నూరిన కణజాలానికి) సరిచూసుకుని వాడొచ్చు. జెంటామైసిన్ మాత్రమే ఇచ్చిన, సారం కూడా ఇచ్చిన రెండు గ్రూపుల్లోనూ మందు ఒకేలా పేరుకుని ఒకదానిలోనే హాని తక్కువ ఉంటే, అప్పుడు యాంటీఆక్సిడెంట్ మాట ఎత్తండి.

రెండోది, మందు తూకం. పొడి జెంటామైసిన్ సల్ఫేట్ కొంటే అది మొత్తం జెంటామైసిన్ కాదు. ఫార్మకోపియా కనీస హద్దు మిల్లీగ్రాముకి 590 మైక్రోగ్రాముల బేస్. లేబుల్ చూడకుండా 100 మి.గ్రా. తూచితే అసలు మందు 60 మి.గ్రా. దగ్గరే ఉంటుంది. అప్పుడు క్రియాటినిన్ సరిగా పెరగదు, మోడల్ రాలేదని కంగారు పడతారు. వయల్ వాడితే లేబుల్ మీదున్నది బేస్ లెక్కే. 2 మి.లీ.లో 80 మి.గ్రా. అంటే 200 గ్రా. ఎలుకకి 20 మి.గ్రా., 0.5 మి.లీ. వయల్ సరుకులో చాలావాటికి మెటాబైసల్ఫైట్, పారాబెన్లు కలుస్తాయి. మెటాబైసల్ఫైట్ తానే యాంటీఆక్సిడెంట్. 8 రోజులూ ఒకే కంపెనీ, ఒకే బ్యాచ్ వాడండి.

మూడోది, రోజుల లెక్క. మందు ఆపకపోయినా కొన్నాళ్లకి ట్యూబ్యూల్ కణాలు తిరిగి పుట్టడం మొదలవుతుంది, క్రియాటినిన్ శిఖరానికి చేరి దిగుతుంది. ఒక్క 9వ రోజే చూస్తే, మీ సారం హానిని ఆపిందో, కోలుకోవడాన్ని రెండు రోజులు ముందుకి జరిపిందో తెలియదు. 5వ రోజు తోక నుంచి కొద్దిగా రక్తం తీసుకుంటే ఆ తేడా కనిపిస్తుంది.

కల్వం_రోకలి (ఫార్ములేషన్)

డీఎంఎస్‌ఓ వద్దండి. అది హైడ్రాక్సిల్ రాడికల్‌ని తానే మింగేస్తుంది. మీరు కొలవబోయేదే రాడికల్ హాని కదా, ద్రావకమే మందులా పని చేస్తే క్వెర్సెటిన్‌కి దొంగ మార్కులు పడతాయి. సిస్‌ప్లాటిన్ మోడల్ చేసేవాళ్లకి ఇంకా చేటు. డీఎంఎస్‌ఓ ప్లాటినంతో కలిసి మందును వేరే పదార్థంగా మార్చేస్తుంది, విషమూ పోతుంది, మందు గుణమూ పోతుంది.

0.5% సోడియం సీఎంసీ అనే జిగురు ద్రవంలో సస్పెన్షన్ చేయండి. 100 మి.లీ. నీటిని 60–70 డిగ్రీలకి వేడి చేసి, కలుపుతూ 0.5 గ్రా. సీఎంసీని చిటికెడు చిటికెడుగా చల్లాలి. ఒక్కసారి గుమ్మరిస్తే పైన జిగురు, లోపల పొడి ఉండే గడ్డలు కట్టి ఎంత తిప్పినా విడవవు. రాత్రంతా నాననిస్తే తేటగా చిక్కబడుతుంది. క్వెర్సెటిన్‌ని కల్వంలో రెండు చుక్కల ట్వీన్ 80తో ముందు పేస్టులా నూరి, తర్వాత సీఎంసీని కొంచెం కొంచెంగా కలపండి. పొడి మీద నేరుగా పోస్తే పసుపు పొర పైనే తేలుతుంది.

లెక్క: 50 మి.గ్రా./కిలో, గావేజ్ (గొట్టంతో పొట్టలోకి పోయడం) పరిమాణం 10 మి.లీ./కిలో అనుకుంటే 5 మి.గ్రా./మి.లీ. ద్రవం. 200 గ్రా. ఎలుకకి 2 మి.లీ. సీసా మీద "క్వెర్సెటిన్ డైహైడ్రేట్" అని ఉంటే అణుభారం 338, నీరు లేనిది 302. అంటే 50 మి.గ్రా. కావాలంటే 56 మి.గ్రా. తూచాలి. ఎక్కువగా దొరికేది డైహైడ్రేటే, ఈ తేడాను థీసిస్‌లో రాసేవాళ్లు చాలా తక్కువ.

సస్పెన్షన్ నిలబడితే అడుగుకి చేరుతుంది. ప్రతి ఎలుకకీ ముందు సీసా తిప్పి అప్పుడే సిరంజిలోకి తీయాలి. లేదంటే మొదటి ఎలుకకి పలచన, ఆరో ఎలుకకి చిక్కన పోతుంది, గ్రూపు లోపలే అంకెలు చెల్లాచెదురవుతాయి. ఏ రోజుది ఆ రోజే చేయండి. క్షారం తగిలితే క్వెర్సెటిన్ ఆక్సీకరణ చెంది గోధుమరంగుకి తిరుగుతుంది, కరగడం కోసం సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు వేయకండి.

పిండికూర

ధన్యవాదాలు అండీ. ఒక సందేహం. జెంటామైసిన్ మాత్రమే ఇచ్చే గ్రూపుకి గావేజ్ లేదు కదా. వాటికి ఊరికే సీఎంసీ పోయడం అవసరమా? ఎలుకలను అనవసరంగా ఇబ్బంది పెట్టడం కాదా?

కల్వం_రోకలి

అవసరమే, అది లేకపోతే ప్రయోగమే నిలవదు. 200 గ్రా. ఎలుక రోజుకి తాగే నీళ్లు సుమారు 20–25 మి.లీ. మీరు గొంతులో పోసేది 2 మి.లీ., పదో వంతు. జెంటామైసిన్ పడిన ఎలుక మేత మానేస్తుంది, నీళ్లూ సరిగా తాగదు. ఒళ్లు ఎండితే జెంటామైసిన్ హాని ముదురుతుంది. అలాంటప్పుడు మందు గ్రూపుకి రోజూ 2 మి.లీ. నీళ్లు అదనంగా అందుతూ, పోల్చే గ్రూపుకి అందకపోతే, మీరు చూపించేది నీళ్ల గుణం. ఒకటో గ్రూపుతో సహా అందరికీ అదే సీఎంసీ, అదే పరిమాణం, అదే వేళ. రోజూ బరువు, మేత, నీళ్లు రాసి పెట్టండి. బరువు 20% పడిపోయిన ఎలుకను ప్రయోగం నుంచి తప్పించి బాధ లేకుండా ముగించే నియమం ముందే రాసుకోండి, కమిటీ అడుగుతుంది, అడగాలి కూడా.

క్యువెట్ (క్లినికల్ బయోకెమిస్ట్రీ)

కొలతల సంగతి చెప్తాను. పేపర్లు ఎక్కువగా చెడేది ఇక్కడే.

కిడ్నీ తీసేముందు చల్లని సెలైన్ ఎక్కించి రక్తం కడిగేయండి, కిడ్నీ ఎరుపు పోయి లేత గోధుమరంగుకి రావాలి. రక్తం మిగిలితే ఎర్రకణాల కెటలేజ్ మీ కెటలేజ్‌లో కలుస్తుంది, హిమోగ్లోబిన్‌లో ఇనుము ఎండీఏని పెంచుతుంది. క్యాప్సూల్ ఒలిచి, 1 గ్రా. కణజాలానికి 10 మి.లీ. చొప్పున 1.15% పొటాషియం క్లోరైడ్ ఉన్న ఫాస్ఫేట్ బఫర్‌లో, పీహెచ్ 7.4, మంచు మీద నూరండి. సుక్రోజ్ బఫర్ వద్దు. చక్కెర కూడా, ఎండీఏని కొలవడానికి వేసే టీబీఏతో రంగు కడుతుంది.

ఎండీఏకి టీబీఏ వేసే ముందే బీహెచ్‌టీ అనే ఆక్సీకరణ నిరోధకం కలపాలి, లేకపోతే వేడినీటి స్నానంలోనే కొవ్వు కొత్తగా ఆక్సీకరణ చెందుతుంది. 532 నానోమీటర్ల దగ్గర రీడింగ్ 0.156 వస్తే క్యువెట్‌లో 1 మైక్రోమోలార్ అన్నమాట. ప్రతి శాంపిల్‌కీ టీబీఏ లేని జత ఒకటి పెట్టి దాని రీడింగ్ తీసేయండి. మొక్క సారం రంగు కణజాలంలో మిగిలి ఉంటే అప్పుడే పట్టుబడుతుంది.

గ్లూటాథయోన్ నిమిషాల్లో ఆక్సీకరణ చెందుతుంది. దానికి వేరే ముక్క తీసి నేరుగా 5% టీసీఏ ఆమ్లంలో నూరండి. రేపు చేద్దామని ఫ్రిజ్‌లో పెట్టిన హోమోజెనేట్‌లో వచ్చే అంకెను నమ్మడానికి లేదు. కెటలేజ్ 240 నానోమీటర్ల దగ్గర చదువుతారు కాబట్టి క్వార్ట్జ్ క్యువెట్ తప్పనిసరి. ప్లాస్టిక్ ఆ కాంతిని మింగేస్తుంది.

క్రియాటినిన్‌కి జాఫే పద్ధతి వాడితే, పిక్రేట్‌తో కీటోన్లు, ప్రోటీన్లు కూడా రంగు కడతాయి. మేత మానేసిన ఎలుకలో కీటోన్లు పెరుగుతాయి. ఎలుక మామూలు క్రియాటినిన్ డెసిలీటరుకి 0.3–0.6 మి.గ్రా. దగ్గర ఉంటుంది, అంత తక్కువలో చిన్న తప్పు కూడా పెద్ద శాతమే. పోనీ ఎంజైమ్ కిట్ వాడదామంటే, దాని చివరి మెట్టు హైడ్రోజన్ పెరాక్సైడ్ రంగు. విటమిన్ సి, కాల్షియం డోబెసిలేట్ లాంటివి రక్తంలో ఉంటే ఆ పెరాక్సైడ్‌ని తినేసి క్రియాటినిన్‌ని తక్కువ చూపిస్తాయి. యాంటీఆక్సిడెంట్‌ని పరీక్షించేవాళ్లు ఇది మరిచిపోకూడదు. మామూలు సీరంలోకి క్వెర్సెటిన్, మీ సారం తెలిసిన మోతాదుల్లో కలిపి, క్రియాటినిన్ అంకె కదులుతుందేమో ముందే చూసుకోండి. ఒక్క పూట పని.

యూరియా, బీయూఎన్ (యూరియాలోని నైట్రోజన్ మాత్రమే) ఒకటి కాదు. యూరియాని 2.14తో భాగిస్తే బీయూఎన్. యూరియా 60 అంటే బీయూఎన్ 28. పట్టికలో ఏది రాస్తున్నారో పేరుతో రాయండి.

మెటబాలిక్ కేజ్‌లో 24 గంటల మూత్రం పట్టి క్లియరెన్స్ (కిడ్నీ వడపోత వేగం) కట్టండి. ఉదాహరణకి మామూలు ఎలుక: మూత్రంలో క్రియాటినిన్ 60, పరిమాణం 12 మి.లీ., సీరం 0.5. 60 × 12 ÷ 0.5 = 1440, రోజుకి 1440 నిమిషాలు కాబట్టి నిమిషానికి 1 మి.లీ. హాని జరిగిన ఎలుక: మూత్రంలో 25, పరిమాణం 20 మి.లీ., సీరం 2.0. 25 × 20 ÷ 2 = 250, నిమిషానికి 0.17 మి.లీ. మూత్రం పెరిగింది, వడపోత ఆరో వంతుకి పడిపోయింది. జెంటామైసిన్‌లో జరిగేదే ఇది, మూత్రం బాగా వస్తోంది కాబట్టి కిడ్నీ బాగుందనుకోవడానికి లేదు.

అన్నిటికంటే ముఖ్యం, మూత్రంలో కిమ్-1 అనే ప్రోటీన్. క్రియాటినిన్ కదలకముందే ట్యూబ్యూల్ దెబ్బ చెప్తుంది. జంతు పరీక్షల కోసం 2008లో అమెరికా, ఐరోపా నియంత్రణ సంస్థలు ఒప్పుకున్న 7 మూత్ర సూచికల్లో అదొకటి. కేజ్ కింద మూత్రం పట్టే గిన్నె మంచులో ఉండాలి. సెంట్రిఫ్యూజ్ చేసి మైనస్ 80లో దాచి, మూత్ర క్రియాటినిన్‌కి నిష్పత్తిగా చెప్పండి. ఎస్‌ఓడీ మానేసి ఆ డబ్బు కిమ్-1 కిట్‌కి పెట్టినా మంచిదే.

ఆకు_అలము (ఫార్మకోగ్నసీ)

అసలు మొక్క దగ్గర మొదలుపెడదాం. పాషాణభేది పేరుతో ఉత్తరాదిన అమ్మేది బెర్జీనియా వేరు దుంప. మన దగ్గర ఆ పేరుతోనే కొండపిండి నడుస్తుంది. షాపు నుంచి పొడి కొనకండి. సంక్రాంతి రోజుల్లో పొలం గట్ల మీద తెల్లటి దూది పూల కంకులతో దొరుకుతుంది, ముగ్గులో గొబ్బెమ్మల మీద పెట్టే పిండి పూలు అవే. వేళ్లతో సహా పీకి, ఒక కొమ్మను హెర్బేరియం షీటు మీద అంటించి, వృక్షశాస్త్రజ్ఞులతో గుర్తింపు రాయించి, నంబరు థీసిస్‌లో ఇవ్వండి.

ఈ జాగ్రత్త ఎందుకంటే కిడ్నీ మొక్కల్లోనే కిడ్నీని చంపే మొక్కలు కలిసిపోతాయి. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడే మాత్రల్లో ఒక చైనా మూలికకి బదులు అరిస్టోలోకియా పడింది. వందమందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి, తర్వాత కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. మన గాడిదగడపాకు ఆ జాతిదే. గలిజేరులోనూ తికమక ఉంది. ఎర్ర గలిజేరు అంటే అటికమామిడి, అసలు పునర్నవ. తెల్ల గలిజేరు పేరుతో తెచ్చేది చాలాచోట్ల ట్రయాంథిమా, దాంట్లో ఆక్సలేట్ ఎక్కువ. కిడ్నీ కోసం తాగే కషాయంలో ఆక్సలేట్ ఉండటం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

అల్యూమినియం క్లోరైడ్ పద్ధతి గురించి. 0.5 మి.లీ. సారం, 1.5 మి.లీ. మిథనాల్, 0.1 మి.లీ. 10% అల్యూమినియం క్లోరైడ్, 0.1 మి.లీ. 1 మోలార్ పొటాషియం అసిటేట్, 2.8 మి.లీ. నీళ్లు, అరగంట ఆగి 415 నానోమీటర్లు. ఇది క్వెర్సెటిన్, కెంఫెరాల్ లాంటి ఫ్లేవనాల్స్‌కి సరిపోతుంది. బత్తాయి, నారింజ తొక్కల్లోని నారింజెనిన్, హెస్పెరిటిన్ లాంటి ఫ్లేవనోన్లను దాదాపు చూడదు. నైట్రైట్ కలిపి 510 దగ్గర చదివే పద్ధతి ఇంకోటుంది, అది ఫ్లేవనాయిడ్ కాని ఫినాల్స్‌ను కూడా లెక్కేస్తుంది. రెండు పద్ధతుల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకండి.

పైగా మొక్కలో ఫ్లేవనాల్స్ చక్కెర తగిలించుకుని గ్లైకోసైడ్లుగా ఉంటాయి. సారాన్ని 50% మిథనాల్‌లో 1.2 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో 90 డిగ్రీల దగ్గర 2 గంటలు రిఫ్లక్స్ చేసి చక్కెర విడగొట్టి, సీ18 కాలమ్ మీద 370 నానోమీటర్ల దగ్గర క్వెర్సెటిన్, కెంఫెరాల్ ఎంతున్నాయో చూడండి. అప్పుడే 300 మి.గ్రా. సారంలో నిజమైన ఫ్లేవనాయిడ్ ఎంతో తేలుతుంది. అది 5 మి.గ్రా. అని తేలి, సారం మాత్రం 50 మి.గ్రా. క్వెర్సెటిన్ కంటే బాగా పని చేస్తే, పని చేసింది ఫ్లేవనాయిడ్ కాకపోవచ్చు. సారంలో పొటాషియం లవణాలు, సాపోనిన్లు, ఆల్కలాయిడ్లు కూడా ఉంటాయి. మూత్రం పెరగడం వల్లే కిడ్నీ కడుక్కుపోయిందేమో కూడా చూడాలి.

ప్లాటినం (ఆంకాలజీ ఫార్మసీ)

జెంటామైసిన్‌తో ఆపకుండా సిస్‌ప్లాటిన్ వైపు వెళ్లేవాళ్ల కోసం రాస్తున్నాను. ఎలుకకి 5–7.5 మి.గ్రా./కిలో ఒకే ఇంజెక్షన్, 3 నుంచి 5 రోజులకి రక్తం. 1 మి.గ్రా./మి.లీ. వయల్ అయితే 6 మి.గ్రా./కిలో మోతాదుకి 200 గ్రా. ఎలుకకి 1.2 మి.లీ. క్లోరైడ్ లేకుండా డెక్స్‌ట్రోజ్‌లోనో, నీళ్లలోనో పలచన చేస్తే మందు రూపం మారిపోతుంది, 0.9% సెలైన్ మాత్రమే. ఫ్రిజ్‌లో పెడితే స్ఫటికాలు కడుతుంది. అల్యూమినియం భాగమున్న సూది తగిలితే నల్లగా ప్లాటినం తేలుతుంది.

ఇది లోపలికి పోయే దారి వేరు. ట్యూబ్యూల్ కణం రక్తం వైపు గోడలో ఓసీటీ2 అనే రవాణా ప్రోటీన్ తీసుకెళ్తుంది, దెబ్బ ప్రధానంగా ఎస్3 భాగానికి, అంటే కార్టెక్స్ కింద, మెడుల్లా బయటి అంచుకి. జెంటామైసిన్ దెబ్బ ఎస్1, ఎస్2లో, కార్టెక్స్‌లో. పాథాలజిస్టుకి కిడ్నీని నిలువుగా కోసి ఇస్తేనే రెండు చోట్లూ స్లైడులో పడతాయి. అడ్డంగా చివర కోసిన ముక్కలో కార్టెక్స్ ఒక్కటే వచ్చి "సిస్‌ప్లాటిన్ హాని లేదు" అని రిపోర్టు వస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. కిడ్నీ కణాన్ని కాపాడే పదార్థం క్యాన్సర్ కణాన్ని కాపాడదని ఎవరు చెప్పాలి? కణితి ఉన్న ఎలుకలో కిడ్నీ బాగుండి, కణితి కూడా తగ్గితేనే ఆ మొక్కకి విలువ. ఇది ఊహ కాదు. బోర్టెజోమిబ్ అనే మైలోమా మందును గ్రీన్ టీలోని ఈజీసీజీ నేరుగా పట్టుకుని పనికిరాకుండా చేస్తుందని 2009లో చూపించారు. ఇంటి నుంచి గ్రీన్ టీ మాత్రలు తెచ్చుకునే రోగులకి ఆ మాట తప్పకుండా చెప్పాలి.

మనుషుల్లో ఏం జరిగిందో కూడా చూడండి. మిల్క్ థిసిల్ మొక్క నుంచి తీసే సిలిమారిన్ ఎలుకల్లో ఎంతో బాగా కనిపించింది. ఇరాన్‌లో 24 మంది సిస్‌ప్లాటిన్ రోగులతో చేసిన ప్రయోగంలో రోజుకి 420 మి.గ్రా. మామూలు మాత్రలను ఉత్తుత్తి మాత్రలతో పోల్చి చూస్తే మెగ్నీషియం, పొటాషియం పోవడం ఆగలేదు, కిడ్నీ పనిలో తేడా రాలేదు. చిన్న ప్రయత్నమే, కానీ ఎలుకకి, మనిషికి మధ్య ఎంత దూరముందో చెప్తుంది.

నెఫ్రో_ఓపీడీ (నెఫ్రాలజిస్ట్)

ఆ దూరాన్ని లెక్కలో చూపిస్తాను. ఎలుక మోతాదును 6.2తో భాగిస్తే మనిషికి కిలోకి సమానమైన మోతాదు అంచనాగా వస్తుంది. క్వెర్సెటిన్ 50 అంటే కిలోకి 8 మి.గ్రా., 60 కిలోల మనిషికి 480 మి.గ్రా. దగ్గర. ఎర్ర ఉల్లిపాయలో 100 గ్రాములకి 30–40 మి.గ్రా. అనుకున్నా రోజుకి కిలోంబావు నుంచి కిలోన్నర దాటి ఉల్లిపాయ తినాలి. సారం 300 మి.గ్రా./కిలో అంటే మనిషికి రోజుకి 2.9 గ్రా. సారం. వందకి పది వంతుల దిగుబడి అనుకుంటే 29 గ్రా. ఎండు మొక్క. పండక్కి పప్పులో వేసుకునే పిడికెడు పిండికూరకీ దీనికీ పోలిక లేదు. అదే లెక్కన ఎలుకకిచ్చే జెంటామైసిన్ 100 మి.గ్రా. మనిషికి కిలోకి 16 మి.గ్రా. అవుతుంది. మేము ఇచ్చేది రోజుకి 5 దగ్గర.

వార్డులో కిడ్నీని కాపాడుతున్నవి ఇప్పటికైతే వేరే. జెంటామైసిన్ రోజుమోతాదును మూడుసార్లు పంచకుండా ఒకేసారి ఇస్తే మెగాలిన్ నిండిపోయి మిగిలింది మూత్రంలో వెళ్లిపోతుంది, హాని తగ్గుతుంది. తర్వాతి మోతాదుకి ముందు రక్తంలో స్థాయి లీటరుకి 1 మి.గ్రా. లోపు ఉండాలి. వాంకోమైసిన్, ఆంఫోటెరిసిన్, నొప్పి మాత్రలు పక్కన ఉన్నాయేమో చూడాలి. రోజు విడిచి రోజు క్రియాటినిన్ చూడాలి. 48 గంటల్లో 0.3 పెరిగినా అది హానే, "ఇంకా 1.2 కదా, నార్మల్" అని వదలకూడదు. సిస్‌ప్లాటిన్‌కి సెలైన్, దాంట్లో మెగ్నీషియం.

ఇంకో మాట, పండ్ల గురించి. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ వాడతారు. ఆ మందులే ఎక్కువైతే కొత్త కిడ్నీని దెబ్బతీస్తాయి. పంపరపనస తిన్న రోగిలో టాక్రోలిమస్ స్థాయి పెరిగిన కేసు నమోదైంది. గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస లాంటి పుల్లపండ్లలోని ఫ్యూరానోకౌమరిన్లు పేగులో ఆ మందును విరిచే ఎంజైమ్‌ని ఆపేస్తాయి. వినాయక చవితికి పాలవెల్లికి కట్టిన పంపరపనసను మరునాడు తినకండని మార్పిడి రోగులకి ముందే చెప్పాలి. ఫ్లేవనాయిడ్లున్న పండు కదా, మంచిదే అనుకుంటారు.

గట్టు_మీద

ఒక సాధారణ ప్రశ్న. ఉద్దానంలో ఇంతమంది కిడ్నీ జబ్బుతో ఉన్నారు. ఈ ఆకులు వాళ్లకి ఏమైనా పనికొస్తాయా? షాపుల్లో కిడ్నీ పొడులు బాగానే అమ్ముతున్నారు.

నెఫ్రో_ఓపీడీ

ఇక్కడ మాట్లాడుతున్నది మందు వల్ల ఒక్కసారిగా వచ్చే హాని గురించి, అదీ ఆరోగ్యంగా ఉన్న ఎలుకలో, హానితో పాటే మొక్క ఇచ్చినప్పుడు. ఉద్దానం జబ్బు ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదిరేది. ఈ ఫలితాన్ని అక్కడికి తీసుకెళ్లకండి. కిడ్నీ ఇప్పటికే బలహీనంగా ఉన్నవాళ్లకి ఆకుల కషాయంలోని పొటాషియమే గుండె మీదకి వస్తుంది. పునర్నవలో అది ఎక్కువే. పొడి వాడుతున్నవాళ్లు ఉంటే సిగ్గుపడకుండా డబ్బా తెచ్చి డాక్టరుకి చూపించమనండి, డాక్టర్లు కూడా కసురుకోకుండా చూడాలి. కసిరితే వచ్చేసారి డబ్బా తీసుకురారు, పొడి మాత్రం మానరు.

రీనల్_కార్టెక్స్

నెఫ్రో గారి లెక్కతో ఒప్పుకుంటూనే ఒక సవరణ. మోతాదును భాగించడం ఒక్కటే చాలదు. నోటితో ఇచ్చిన క్వెర్సెటిన్ పేగు గోడలో, కాలేయంలో గ్లూకురోనైడ్, సల్ఫేట్ తగిలించుకునే రక్తంలోకి వస్తుంది. రుటిన్ (చక్కెర తగిలిన క్వెర్సెటిన్ రూపం) అయితే పెద్దపేగుకి చేరి అక్కడి బ్యాక్టీరియా చక్కెర విడగొట్టేదాకా ఆగాలి, ఉల్లిలోని గ్లూకోసైడ్ ముందే చిన్నపేగులో పీల్చుకుంటుంది. కాబట్టి కిడ్నీ కణం చూసేది మీరు సీసాలో తూచిన పదార్థం కాదు. అందుకే "రాడికల్స్‌ని నేరుగా మింగేసింది" అనే వివరణ నాకు సరిపడదు, రక్తంలో ఉండేది మరీ తక్కువ. ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రోటీన్‌ని మేల్కొలిపి కణం సొంత రక్షణను, హీమ్ ఆక్సిజనేజ్-1 లాంటివాటిని పెంచింది అన్నది ఎక్కువ నమ్మదగింది. అది నిజమైతే మొక్కను జెంటామైసిన్‌కి కొన్ని రోజుల ముందే మొదలుపెట్టాలి.

కణాల మీద చేసి త్వరగా తేల్చేద్దామనుకుంటే రెండు గోతులున్నాయి. క్వెర్సెటిన్ కల్చర్ మీడియంలోనే ఆక్సీకరణ చెంది హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది. కణాలు బతికున్నాయో లేదో చూసే ఎంటీటీ రంగును కణాలు లేకపోయినా తానే మారుస్తుంది, చచ్చిన కణాలు బతికినట్టు కనిపిస్తాయి. కణాలు లేని బావుల్లో క్వెర్సెటిన్, ఎంటీటీ మాత్రమే వేసి ఒక వరుస పెట్టకుండా ఎంటీటీ ఫలితం రాయకండి.

క్యువెట్

@రీనల్_కార్టెక్స్ గారూ, పెరిగిన ఎంజైమ్‌ని చూసి రక్షణ అనేయడంలోనూ ఒక మెలిక ఉంది. హాని జరిగితే కూడా హీమ్ ఆక్సిజనేజ్-1 పెరుగుతుంది. జెంటామైసిన్ లేకుండా సారం మాత్రమే ఇచ్చిన గ్రూపు లేకపోతే ఆ పెరుగుదల దేనిదో చెప్పలేం. ఇంతవరకు ఎవరూ అడగలేదు, పిండికూర గారి ప్లాన్‌లో ఆ గ్రూపు లేదు.

పిండికూర

నిజమే అండీ, ఆ గ్రూపు పెట్టలేదు. అందరి మాటా విన్నాక ప్లాన్ ఇలా మార్చాను.

గ్రూపులు 6: సీఎంసీ మాత్రమే, సీఎంసీతో జెంటామైసిన్, సారం 300 మాత్రమే, జెంటామైసిన్‌తో సారం 150, జెంటామైసిన్‌తో సారం 300, జెంటామైసిన్‌తో క్వెర్సెటిన్ 50. గావేజ్ 3 రోజుల ముందు నుంచి, మొత్తం 11 రోజులు, ఇంజెక్షన్‌కి గంట ముందు. 5వ ఇంజెక్షన్ మరునాడు తోక రక్తం, ఆఖరి రోజు మెటబాలిక్ కేజ్, కిమ్-1. ఎడమ కిడ్నీ నిలువుగా కోసి ఫార్మలిన్‌లోకి, కుడి కిడ్నీ మూడు ముక్కలుగా టీసీఏకి, బఫర్‌కి, జెంటామైసిన్ కొలతకి. ఎస్‌ఓడీ తీసేశాను. సారంలో క్వెర్సెటిన్, కెంఫెరాల్ హెచ్‌పీఎల్‌సీలో చూశాకే ఎలుకల పని మొదలుపెడతాను.

క్వెర్సెటిన్ డైహైడ్రేట్ లెక్క: ఎలుకకి రోజుకి 11.2 మి.గ్రా., 6 ఎలుకలు, 11 రోజులు, 739 మి.గ్రా. వృథాతో కలిపి 850 మి.గ్రా. కొంటున్నాను. ఇంకేమైనా మిగిలిందా?

ప్లాటినం

ఒకటుంది. జెంటామైసిన్ పని జెంటామైసిన్ చేస్తోందా అన్నది. ముల్లర్ హింటన్ బ్రాత్‌లో ఏటీసీసీ 25922 ఈ.కోలై మీద ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస గాఢత), సారంతో, సారం లేకుండా చూడండి. సారం లేని వరుసలో 0.25–1 మైక్రోగ్రామ్/మి.లీ. మధ్య రావాలి, రాకపోతే పలచన చేయడంలోనే తప్పుంది. సారం కలిపాక రెండు ట్యూబులకి మించి పెరిగితే అది యాంటీబయాటిక్‌కి అడ్డుపడుతోందని అర్థం. ఎలుకల కంటే ముందు చేయండి, రెండు రోజుల పని.

ఆకు_అలము

పాథాలజిస్టుకి ఇచ్చే స్లైడుల మీద గ్రూపు పేరు రాయకండి, అంకెలే వేయండి. ఆ అంకెల జాబితా స్లైడులు చదవని మనిషి దగ్గర ఉంచండి. హెచ్ అండ్ ఈతో పాటు పీఏఎస్ రంగు కూడా వేయించండి, బ్రష్ బోర్డర్ ఎక్కడ రాలిపోయిందో దాంట్లోనే బాగా తెలుస్తుంది. స్కోరుకి క్రుస్కల్–వాలిస్ పరీక్ష, సగటుతో పాటు ఎస్‌ఈఎమ్ కాకుండా ఎస్‌డీ రాయండి. మొక్కను పూత మీదున్నప్పుడు ఒక్కసారే మొత్తం సేకరించండి, సారం అంతా ఒకే బ్యాచ్ కావాలి. 200 గ్రా. ఎలుకలు 6, రోజుకి 60 మి.గ్రా. చొప్పున 11 రోజులకి ఒక్క 300 గ్రూపుకే 4 గ్రా. సారం. రెండు 300 గ్రూపులు, ఒక 150 గ్రూపు కలిపితే దాదాపు 10 గ్రా. హెచ్‌పీఎల్‌సీకి, ఎంఐసీకి, మళ్లీ చేయాల్సొస్తే దానికీ కలిపి 25 గ్రా. సిద్ధం చేసి, చీకటి సీసాలో సిలికా జెల్‌తో మైనస్ 20లో పెట్టుకోండి.